మూలన నిలబెట్టే ఫ్లాష్: కాండిడ్ ఫొటోలకి గోడాక్స్ టీటీ600, ఎక్స్2టీ ట్రిగ్గర్

కాండిడ్ ఫొటోలకి, అంటే పోజు పెట్టించకుండా సహజంగా తీసే ఫొటోలకి, ఫ్లాష్ అనగానే చాలామంది మొహం చిట్లిస్తారు. ఫ్లాష్ వెలిగిందంటే అందరూ ఇటే తిరుగుతారు, చొక్కాలు సర్దుకుంటారు, పళ్లు కనపడేలా నవ్వుతారు, ఇంక అందులో కాండిడ్ ఏముంది అంటారు. కెమెరా నెత్తిన పెట్టి నేరుగా మొహాల మీదకి కొట్టే ఫ్లాష్ గురించైతే ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. అదే ఫ్లాష్‌ని కెమెరా మీంచి దించి గదిలో ఒక మూల నిలబెట్టి, ఫొటోలు తీసేవాళ్లు మాత్రం ఇంకో పక్క నుంచి తిరుగుతూ ఉంటే సంగతి వేరు. కాసేపటికి ఆ మెరుపు గదిలో ఒక భాగమైపోతుంది, మెరిసిన వైపు చూసినా అక్కడ కెమెరా ఉండదు, మళ్లీ ఎవరి మాటల్లో వాళ్లు పడిపోతారు.

నేను ఈ పనికి వాడేది గోడాక్స్ కంపెనీ టీటీ600 ఫ్లాష్, దాన్ని కెమెరా నుంచి నడిపే ఎక్స్2టీ ట్రిగ్గర్. ఈ రివ్యూ కూడా ఆ ఒక్క పని గురించే. స్టూడియో పోర్ట్రెయిట్లకి, వస్తువుల ఫొటోలకి ఇవి ఎలా పనికొస్తాయో ఇక్కడ చెప్పడం లేదు. జనం తమ పనిలో తాముండగా, వాళ్లని కదిలించకుండా, ఫొటో చూసినవాళ్లకి అక్కడ ఏం జరుగుతోందో అర్థమయ్యేలా వెలుగు పెట్టడం కుదురుతుందా లేదా, అంతే.

ముందు వస్తువు సంగతి. టీటీ600 మామూలు సైజు స్పీడ్‌లైట్ (సెల్స్‌తో నడిచే చిన్న ఫ్లాష్), నాలుగు డబుల్ ఏ సెల్స్‌తో నడుస్తుంది. ఫ్లాష్ సత్తా చెప్పే గైడ్ నంబర్ 60 అని రాస్తారు, అది 200 ఎంఎం జూమ్‌లో (వెలుగు బాగా ఇరుకుగా పడేలా బిగిస్తే), ఐఎస్ఓ (కెమెరా వెలుగుకి ఎంత స్పందించాలో చెప్పే అంకె) 100 దగ్గర మీటర్లలో వచ్చే లెక్క. జూమ్ 20 నుంచి 200 వరకు మార్చుకోవచ్చు, పవర్ 1/1 నుంచి 1/128 వరకు తగ్గించుకోవచ్చు. లోపలే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో రిసీవర్ ఉంది కాబట్టి వేరే రిసీవర్ తగిలించక్కర్లేదు, పాతరోజుల్లోలాగా వైర్లు కూడా లాగక్కర్లేదు. టీటీఎల్, అంటే ఫ్లాష్ పవర్ ఎంతో కెమెరాయే తేల్చే పద్ధతి, లేదు, అంతా మనమే పెట్టుకునే మాన్యువలే. హైస్పీడ్ సింక్ (చాలా వేగమైన షట్టర్‌తో కూడా ఫ్లాష్ వాడే పద్ధతి) కూడా కెమెరా మీద పెడితే రాదు, ట్రిగ్గర్‌తో విడిగా వాడినప్పుడే వస్తుంది, అప్పుడు షట్టర్ 1/8000 సెకను దాకా వెళ్లొచ్చు. ఇంకో మంచి విషయం, ఫ్లాష్ ఎలాగూ కెమెరా ఎక్కదు కాబట్టి ట్రిగ్గర్ ఒక్కటి మన కెమెరాకి సరిపోయేది కొంటే చాలు. రేపు కెమెరా కంపెనీ మారినా ఫ్లాష్‌లు అవే పనిచేస్తాయి, ట్రిగ్గర్ మార్చుకుంటే సరిపోతుంది.

టీటీఎల్ లేకపోవడమే దీని పెద్ద లోటని చెప్తుంటారు. కాండిడ్ విషయంలో నేను ఒప్పుకోను.

ఎందుకంటే టీటీఎల్ ప్రతి ఫొటోకీ ముందు ఒక చిన్న మెరుపు కొట్టి, తిరిగొచ్చిన వెలుగుని కొలిచి, అప్పుడు అసలు పవర్ ఎంతో తేలుస్తుంది. ఫ్రేమ్‌లోకి నల్లకోటు వేసుకున్న మనిషి వస్తే ఎక్కువ కొడుతుంది, తెల్లగోడ ఎక్కువగా కనిపిస్తే తగ్గిస్తుంది. ఒకే గదిలో, ఒకే నిమిషంలో తీసిన ఫొటోలు ఒకటి ఒకలా, ఇంకొకటి ఇంకోలా వస్తాయి, తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని వాటిని కలపడం పెద్ద పని. మాన్యువల్‌లో ఫ్లాష్ ఒకచోట కదలకుండా ఉంది, పవర్ మారదు, గోడ మారదు, కప్పు మారదు, ఇంక వెలుగు మాత్రం ఎందుకు మారుతుంది? నేను గది మొత్తం తిరిగినా, కూర్చుని తీసినా, నిలబడి తీసినా, లెన్స్ మార్చినా అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం సైజు), ఐఎస్ఓ కదపనంతవరకు ఆ వెలుగు అలాగే ఉంటుంది.

అయితే మనుషులు కదులుతారు కదా, వాళ్లు ఫ్లాష్‌కి దగ్గరగా వెళ్తే? ఇక్కడే ఎక్కడ పెట్టామన్నది ముఖ్యం. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగోవంతుకి పడిపోతుంది. ఫ్లాష్‌కి మీటరు దూరంలో ఉన్న మనిషి రెండు మీటర్లకి జరిగితే రెండు స్టాపులు (ఒక స్టాపు తగ్గడమంటే వెలుగు సగమవడం) తగ్గిపోయి ఫొటో నల్లగా వస్తుంది. అదే నాలుగు మీటర్ల దూరంలో ఉన్న మనిషి ఐదు మీటర్లకి జరిగితే ముప్పావు స్టాపు కూడా తగ్గదు, రా (RAW) ఫైల్లో సులభంగా సర్దుకునే తేడా అది. అందుకే కాండిడ్‌కి ఫ్లాష్‌ని జనానికి దగ్గరగా పెట్టకూడదు, వీలైనంత దూరంగా, ఎత్తుగా, గోడ-కప్పు కలిసే మూలకి తిప్పి పెట్టాలి. అప్పుడు ఆ మూల మొత్తం ఒక పెద్ద దీపంలా పనిచేస్తుంది, నీడలు మెత్తగా పడతాయి, గదిలో సగం మేర ఎవరు ఎక్కడ నిలబడ్డా వెలుగు దాదాపు ఒకటే.

దూరంగా పెట్టి, పైగా గోడకి కొట్టి తిప్పితే ఇంత చిన్న ఫ్లాష్‌కి అంత సత్తా ఉంటుందా అని అనుమానం రావచ్చు. కప్పు ఎత్తుని బట్టి రెండు మూడు స్టాపులు గోడే తినేస్తుంది, నిజమే. కానీ ఇప్పటి కెమెరాల్లో ఐఎస్ఓ 1600కి ఎవరూ భయపడక్కర్లేదు, ఐఎస్ఓ 100 నుంచి 1600 అంటే నాలుగు స్టాపులు, అంటే 100 దగ్గర ఫుల్ పవర్ ఇచ్చే వెలుగు 1600 దగ్గర 1/16 పవర్‌తోనే వచ్చేస్తుంది. మామూలు ఇంటి గదుల్లో నాకు 1/16, 1/32 దాటి అవసరం పడటం తక్కువ. తక్కువ పవర్‌లో ఇంకా రెండు లాభాలున్నాయి. ఫుల్ పవర్ కొడితే మళ్లీ నిండటానికి కంపెనీ లెక్క ప్రకారమే 2.6 సెకన్ల దాకా పడుతుంది, ఆలోపు నవ్వే మనిషి నవ్వు ఆగిపోతుంది, చిన్న పవర్‌లో ఆ ఎదురుచూపు ఉండదు, వరసగా మూడు నాలుగు ఫ్రేములు తీసినా అన్నిటికీ వెలుగు అందుతుంది. రెండోది, పవర్ తగ్గేకొద్దీ మెరుపు నిడివి కూడా తగ్గుతుంది. ఫుల్‌లో 1/300 సెకను, బాగా తగ్గిస్తే 1/20000 వరకు అని స్పెసిఫికేషన్లలో ఉంటుంది, అంటే ఎగిరే జుట్టు, చప్పట్లు కొట్టే చేతులు చక్కగా ఆగిపోతాయి.

ఇంక ట్రిగ్గర్. ఎక్స్2టీ చిన్నదే, పక్కన వరసగా ఐదు గ్రూపు బటన్లు, ఒక చక్రం, చిన్న స్క్రీన్. రెండో ఫ్లాష్ ఉంటే దాన్ని బీ గ్రూపులో పెట్టి కెమెరా దగ్గర నుంచే ఒకదాన్ని పెంచి ఇంకోదాన్ని ఆపేయొచ్చు. కాండిడ్‌లో ఇది చాలా పెద్ద సుఖం, ఎందుకంటే మాటల మధ్యలో లేచి ఫ్లాష్ దగ్గరకి నడిచి బటన్లు నొక్కి వచ్చామంటే అందరి చూపూ మన మీదే. పైన ఇంకో ఫ్లాష్ తగిలించుకునే గాడి, హాట్‌షూ కూడా ఉంది, నాకు దానితో పని పడలేదు. ప్లాస్టిక్ తేలికగా ఉంటుంది, చేతిలో పట్టుకుంటే ఖరీదైన వస్తువులా అనిపించదు, సరే.

వాడే ముందు సర్దుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ట్రిగ్గర్ మీద ఫోకస్ కోసం వెలిగే ఎర్రలైటుకి స్విచ్ ఉంది, దాన్ని ఆపేయండి. చీకటి గదిలో ఒకరి చెంప మీద ఎర్రటి గీతలు పడితే ఆ మనిషి ఇంక మామూలుగా ఉండరు. ఫ్లాష్ నిండినప్పుడల్లా కూత పెట్టే బీప్ కూడా సెట్టింగుల్లో ఆపేయాలి. రేడియో దూరం 100 మీటర్ల వరకు అంటారు, గదుల్లో అంత ఎవరికీ అక్కర్లేదు, పైగా ఫ్లాష్ మరీ దగ్గరగా ఉన్నప్పుడు కొన్నిసార్లు సిగ్నల్ తప్పుతుంది, అలాంటప్పుడు ట్రిగ్గర్ సెట్టింగుల్లో 0–30 మీటర్ల ఆప్షన్ పెట్టుకుంటే సరిపోతుంది. ఇంకోటి, చాలాసేపు సిగ్నల్ రాకపోతే ఫ్లాష్ నిద్రలోకి వెళ్తుంది. విరామం ఎక్కువైతే అసలు క్షణం రాకముందే ఒకసారి టెస్ట్ బటన్ నొక్కి చూసుకోవాలి. అదే చోట ఇంకొకరు కూడా ఇదే కంపెనీ ట్రిగ్గర్ వాడుతుంటే ఛానెల్ మార్చుకోవాలి, లేకపోతే వాళ్ల క్లిక్కులకి మన ఫ్లాష్ వెలిగి సెల్స్ ఖాళీ అయిపోతాయి.

ఇవన్నీ సాధనం సంగతులు. అసలు ఈ ఫ్లాష్ నాకు ఎందుకు ఇష్టమో చెప్పాలంటే ఒక ఫొటో గురించి చెప్పాలి.

రాత్రి, చిన్న గది. ఇద్దరు పిల్లలు నేల మీద కూర్చుని దుప్పటి కింద ఏదో దాచుకుని ఆడుతున్నారు. గదిలో ఉన్నది ఒక చిన్న బెడ్‌లైటు మాత్రమే. ఫ్లాష్‌ని ఆ గదిలో పెట్టలేదు, పక్క గదిలో పెట్టాను, తలుపు సగం తెరిచి ఉంది, జూమ్ 105కి బిగించి, నారింజరంగు జెల్ (ఫ్లాష్ ముందు పెట్టే పల్చటి రంగు రేకు) వేసి, తలుపు సందులోంచి వెలుగు ఇటు పడేలా తిప్పాను. ఫొటోలో నేల మీద పొడుగ్గా ఒక వెలుగు పట్టీ పడింది, ఆ పట్టీ అంచు వచ్చి చిన్నవాడి చెంప మీద, చెవి మీద ఆగింది. పెద్దది నీడలో ఉంది, తన మొహం మీద బెడ్‌లైటు పసుపు తప్ప ఇంకేమీ లేదు, చూపు దుప్పటి మీదే. చిన్నవాడు మాత్రం తలుపు వైపు చూస్తున్నాడు. ఆ ఫొటో చూసినవాళ్లకి ఒక్క మాట చెప్పక్కర్లేదు, పక్క గదిలో పెద్దవాళ్లు ఉన్నారని, వీళ్లు ఈపాటికి పడుకుని ఉండాల్సిందని, వాడికి దొరికిపోతామేమోనని టెన్షన్‌గా ఉందని అంతా ఆ వెలుగే చెప్పేస్తుంది. అదే ఫ్లాష్‌ని గది కప్పుకి కొట్టి ఉంటే దుప్పటి డిజైను, గోడ మీద క్యాలెండరు, పిల్లల మొహాలు అన్నీ స్పష్టంగా కనపడేవి, కథ మాత్రం ఉండేది కాదు.

నేను దీన్ని ఇలా చూస్తాను: ఫ్రేమ్‌లో వెలుగు ఎటునుంచి వస్తే అటువైపు ఏదో ఉందని కన్ను నమ్ముతుంది. కిటికీ వైపు నుంచి వస్తే పగలు, కింది నుంచి వస్తే మంటో ఫోన్ స్క్రీనో, తలుపు సందులోంచి వస్తే అవతల మనుషులు. కాబట్టి ఫ్లాష్ ఎక్కడ పెట్టాలో తేల్చుకునే ముందు ఈ గదిలో వెలుగు నిజంగా ఎటునుంచి రావాలి అని అడుగుతాను. అక్కడ దీపం ఉంటే ఫ్లాష్ దాని వెనక, దాని ఎత్తులో. కిటికీ ఉంటే దాని పక్కన. ఒక పెద్దాయన పదిమందికి ఏదో సంగతి చెప్తున్నాడనుకోండి, ఫ్లాష్ ఆయన భుజం వెనకనుంచి వినేవాళ్ల వైపు పెడితే ఆయన జుట్టు అంచు మెరుస్తుంది, వినేవాళ్ల మొహాలన్నీ వెలుగులోకి వస్తాయి. మాట ఎంత బాగుందో ఆ మొహాల్లో కనపడుతుంది. ఫ్లాష్ ముందు గాజు సరిగ్గా లెన్స్‌కి ఎదురుపడకుండా చూసుకోవాలి, లేదంటే ఫొటో అంతా తెల్లమసక కమ్మేస్తుంది, ఆయన భుజమే దాన్ని కప్పేలా ఒక అడుగు పక్కకి జరిగితే చాలు.

గదిలో అసలు ఉన్న వెలుగుని చంపేయకుండా ఉంచడం ఇందులో సగం పని. ఫ్లాష్ మెరుపు చాలా చిన్నది కాబట్టి కెమెరా సింక్ స్పీడ్ (మామూలుగా ఫ్లాష్‌తో వాడగల గరిష్ఠ షట్టర్ వేగం) లోపల, అంటే చాలా కెమెరాల్లో 1/200 లేదా 1/250 లోపల, షట్టర్ ఎంత పెట్టినా ఫ్లాష్ వెలుగు మారదు, గది వెలుగు మాత్రమే మారుతుంది. అపర్చర్, ఐఎస్ఓ మారిస్తే ఫ్లాష్ వెలుగు, గది వెలుగు రెండూ మారతాయి. ఇది ఒంటబడితే మిగతాదంతా తేలికే. నేను ముందు ఫ్లాష్ ఆపేసి, గది ఒక స్టాపు చీకటిగా కనపడేలా పెట్టుకుంటాను, మాటవరసకి ఐఎస్ఓ 1600, ఎఫ్ 2.8, 1/125. తర్వాత ఫ్లాష్ 1/32తో మొదలుపెట్టి చాలకపోతే ఒక్కో మెట్టు పెంచుతాను. షట్టర్‌ని 1/30కి, ఇంకా కిందకి దింపితే కదిలే చేతుల వెనక మసక జాడ ఒకటి, దాని మీద ఫ్లాష్ ఆపిన స్పష్టమైన చేయి ఒకటి, రెండూ ఒకే ఫొటోలో వస్తాయి. డ్యాన్సుల్లో అది చాలా బాగుంటుంది, మామూలు కబుర్ల మధ్య చిరాకుగా ఉంటుంది.

జెల్ సంగతి చాలామంది పట్టించుకోరు, కానీ కథ అక్కడే తేలిపోతుంది. ఫ్లాష్ రంగు పగటి వెలుగుకి దగ్గరగా ఉంటుంది, పసుపు బల్బుల కింద అది నీలంగా కనపడి బయటనుంచి తెచ్చిపెట్టినట్టు దొరికిపోతుంది. వెలుగుని నారింజ వైపు తిప్పే ఫుల్ సీటీవో జెల్ వేస్తే ఇంచుమించు 3200 కెల్విన్‌కి దిగి పాత బల్బులతో కలిసిపోతుంది, నేను ఎక్కువగా హాఫ్ సీటీవో వాడతాను, అప్పుడు గది కాస్త పసుపుగా, మనుషులు మామూలుగా కనపడతారు. టీటీ600 పెట్టెలో జెల్స్ ఇవ్వరు, వేరే కొనుక్కోవాలి, చిన్న ముక్కని టేపుతో అంటించినా చాలు.

జనానికి తెలియకుండా ఫ్లాష్‌తో తీయడం అనే మాట వస్తే అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఫిలిప్ లోర్కా డికోర్షియా గుర్తొస్తాడు. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో రోడ్డు పక్కన కట్టిన స్కాఫోల్డింగ్‌కి స్ట్రోబ్‌లు (ఫ్లాష్ లైట్లు) బిగించి, ఆ వెలుగు కిందకి వచ్చిన దారినపోయేవాళ్లని దూరం నుంచి తీశాడు, 2001లో ఆ ఫొటోలు ప్రదర్శించాడు. చుట్టూ చీకటి, మధ్యలో ఒక్క మొహం, వీధి మధ్యలో ఒంటరిగా ఏదో ఆలోచనలో. మూలన నిలబెట్టిన వెలుగు ఎంత దూరం వెళ్లగలదో అంతకంటే బాగా చూపించినవాళ్లు నాకు తెలియదు. అందులో ఉన్న ఒకాయన తన అనుమతి లేకుండా ఫొటో అమ్మారని కేసు వేశాడు, అది కళ కిందకి వస్తుందని అక్కడి కోర్టు 2006లో కేసు కొట్టేసింది. చట్టం ఒప్పుకున్నా నేను అలా చేయను. గదిలోకి రాగానే ఇక్కడో లైటు అప్పుడప్పుడు మెరుస్తుంది, పట్టించుకోకండి, వద్దనుకుంటే చెప్పండి అని అందరికీ చెప్పేస్తాను. చెప్తే సహజత్వం పోతుందని భయపడతారు గానీ, పోదు. తెలిసిన వెలుగుని మనుషులు త్వరగా మర్చిపోతారు, తెలియని మెరుపుకే ఉలిక్కిపడతారు. పసిపిల్లలున్న గదిలో నేరుగా కొట్టకుండా గోడకో కప్పుకో తిప్పితే వాళ్లు కూడా తల తిప్పరు.

ఇబ్బందులు కూడా చెప్పుకోవాలి. కాండిడ్ తీసేవాళ్లకి ప్రాణమైన సైలెంట్ షట్టర్ చాలా కెమెరాల్లో ఫ్లాష్‌తో పనిచేయదు, ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టగానే ఫ్లాష్ ఆగిపోతుంది. నికాన్ జెడ్9 లాంటి కొన్నిటిలో ఆ అడ్డు లేదు, 2023లో ప్రకటించిన సోనీ ఏ9 3లో ఫ్రేమ్ మొత్తాన్ని ఒకేసారి చదివే గ్లోబల్ షట్టర్ వల్ల సింక్ స్పీడ్ గొడవే లేదు, కానీ అవి అందరి చేతుల్లో ఉండే కెమెరాలు కావు. కాబట్టి మెకానికల్ షట్టర్ చప్పుడుతో రాజీ పడాలి. గుసగుసలు కూడా వినపడేంత నిశ్శబ్దంగా ఉండే చోట్ల ఈ పద్ధతే వద్దు.

మిట్టమధ్యాహ్నం ఆరుబయట ఇది చాలదు. హైస్పీడ్ సింక్‌లో పవర్ బాగా పడిపోతుంది, ఎండతో పోటీపడాలంటే దగ్గరగా పెట్టాలి, దగ్గరగా పెడితే కాండిడ్ పోతుంది. అలాంటి పని ఎక్కువగా ఉంటే ఇదే కంపెనీ 200 వాట్-సెకన్ల ఏడీ200ప్రో ఫ్లాష్ చూడండి, లిథియం బ్యాటరీ, ఫుల్ పవర్‌లో 500 దాకా మెరుపులు, ఇదే ట్రిగ్గర్‌తో నడుస్తుంది. చెట్ల నీడలో, సాయంత్రం వెలుగు తగ్గాక టీటీ600 హాయిగా సరిపోతుంది.

మనుషులతో పాటు ఫ్లాష్ కూడా నడవాల్సిన చోట, అంటే ఎవరో ఒకరు కర్రకి కట్టి పట్టుకుని పక్కన వస్తుంటే, దూరం క్షణక్షణం మారుతుంది. అక్కడ మాన్యువల్ పట్టుబడితే దెబ్బతింటాం. ఆ పనికి టీటీఎల్ ఉన్న టీటీ685 రకం తీసుకోవడమే మంచిది.

సెల్స్ విషయంలో ఆల్కలైన్ వాడకండి, వరసగా కొడితే నిండటం నెమ్మదిస్తుంది. రీచార్జ్ అయ్యే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ రెండు సెట్లు, అంటే ఎనిమిది, వాటికి మంచి చార్జర్ ఉండాలి. ఫుల్ పవర్‌లో ఒక సెట్‌కి 230 మెరుపులు అని కంపెనీ లెక్క, 1/32లో వాడితే ఒక పూట సభకి ఒక సెట్ ఎక్కువే.

గొడుగు, సాఫ్ట్‌బాక్స్ నేను ఈ పనికి తీసుకెళ్లను. తెల్లగొడుగు విప్పి నిలబెట్టగానే గది మొత్తం ఫొటో స్టూడియో అయిపోతుంది, పిల్లలు దాని చుట్టూ చేరతారు. బీరువా పైన, అలమర అంచున, కర్టెన్ రాడ్‌కి బిగించిన క్లాంపు మీద ఫ్లాష్ పెడితే ఎవరి చూపూ పడదు. స్టాండు తప్పదనుకుంటే సన్నటిది, మనుషులు నడవని మూల చూసి, కాళ్ల మీద బరువు పెట్టి నిలబెట్టండి.

కొనాలనుకుంటే మొదట ఒక్క టీటీ600, మీ కెమెరాకి తగిన ఎక్స్2టీ, ఒక క్లాంపు, హాఫ్ సీటీవో ముక్క, సెల్స్. రెండో ఫ్లాష్ వెంటనే వద్దు. ఒక్క వెలుగుతో ఎటువైపు నీడ పడనివ్వాలో తెలిశాక, ఆ నీడలో కాస్త వివరం కావాలని అనిపించినప్పుడు రెండోది తీసుకుని 1/128లో గది వెనక్కి పెట్టుకోవచ్చు. సోనీ కెమెరాలున్నవాళ్లు ఫ్లాష్‌ని కెమెరా మీద కూడా పెట్టి వాడాలనుకుంటేనే టీటీ600ఎస్ చూడాలి, విడిగా వాడటానికి మామూలుదే సరిపోతుంది.